జ్యోతినగర్ తెరమీది ఆటలు – ఒక ఆటగాడి తీర్పులు

గోలీల మీద, గిల్లీదండ మీద, కోతికొమ్మచ్చి మీద మనవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలకు కొదవ లేదు. సినిమాల మీదనైతే చెప్పనే అక్కరలేదు. 1990ల తరువాత పెరిగిన పిల్లలు తమ ఎండాకాలపు సెలవుల్లో సగభాగం వెచ్చించిన వీడియో ఆటల గురించి మాత్రం తెలుగులో రాతలు బహు స్వల్పం. ఉన్న కొద్దిపాటిలోనూ రెండే రకాలు. పిల్లలు చెడిపోతున్నారన్న ఆందోళన ఒకటి, ఫలానా కంపెనీ ఇన్ని కోట్లు గడించిందన్న వార్త మరొకటి. ఆడినవాడు ఏమనుకున్నాడన్నది రెంటిలోనూ కనిపించదు. నవల చదివినవాడికి ఆ నవల మీద ఒక అభిప్రాయం ఉంటుందని ఒప్పుకునే మనం, ఒక ఆటను వందసార్లు ఆడినవాడికీ అలాంటిది ఉంటుందని ఎందుకో తలచము. ఆ లోటు ఇసుమంతైనా తీర్చుదామని ఈ ప్రయత్నం. ఇది ఆటల సమగ్ర చరిత్ర కాదని ముందే మనవి. ఒక ఊరికి అవి వచ్చిన క్రమం, ఆ ఊరి ఆటగాడొకడు వాటిమీద ఏర్పరచుకున్న తీర్పులు, అంతే.

ఊరు జ్యోతినగర్. రామగుండం ఎన్.టి.పి.సి. ఉద్యోగుల నివాసం. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లా. సింగరేణి గనుల బొగ్గును ప్రత్యేక రైలు మార్గం మీద తెచ్చుకుని మండించే ఈ విద్యుత్కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. 2004లో ఏడవ యూనిట్ చేరేసరికి సామర్థ్యం 2600 మెగావాట్లయింది. అదే 1983లో, జులై 15న, జపానులో నింటెండో సంస్థ 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే ఆటల పెట్టెను విడుదల చేసింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, కేవలం కాకతాళీయం. అయినా ఆ పెట్టెకు నకళ్ళు పదేళ్ళు తిరిగేసరికి మా క్వార్టర్ల టీవీల ముందుకు వచ్చి చేరాయి కాబట్టి, నా లెక్కలో ఈ రెండూ ఒక ఈడువే.

అవి వచ్చిన తీరు ముందుగా చెప్పాలి. దిగుమతుల మీద ఆంక్షలు, సుంకాలు ఉన్న ఆ రోజుల్లో అసలు సరుకు మన చిన్న పట్టణాలకు చేరే దారి దాదాపు లేదు. చేరినవి సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అమ్మిన పెట్టెలు, వాటి వెంట పసుపు రంగు 'క్యాసెట్లు'. ఆటలున్న చిప్పును మేమంతా క్యాసెట్ అనే అనేవాళ్ళం, నేటికీ నా నోట అదే మాట వస్తుంది. పైన అట్టబొమ్మ ఒకటి, లోపల ఆట మరొకటి. తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఆటలున్నాయని తెరమీద కనిపించేది, తిప్పి చూస్తే పదో ఇరవయ్యో మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఎవరు చేశారో, ఏ దేశంలో చేశారో, కథేమిటో చెప్పే కాగితం ముక్క ఉండేది కాదు. 'బాటిల్ సిటీ' మాకు ట్యాంకుల ఆట, 'సర్కస్ చార్లీ' సర్కసు, 'డక్ హంట్' బాతుల ఆట.

దీనివల్ల నష్టం ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను. లాభమూ ఒకటి ఉంది. కర్త పేరు, ప్రచారం, విమర్శకుల మార్కులు ఏవీ లేకుండా కేవలం ఆటను చూసి ఆటను అంచనా కట్టవలసి వచ్చింది. పైగా ఆ ఆటల్లో ఎక్కువభాగం ఎక్కడిదాకా వచ్చామో దాచిపెట్టుకునే వీలు లేనివి. యంత్రం ఆగితే అంతా మొదటికి. విద్యుత్కేంద్రం పక్కనే ఉన్న మా క్వార్టర్లలో కరెంటు పోవడం అరుదు. కొన్ని మైళ్ళ అవతల, కేంద్రం నుంచి బయలుదేరిన పెద్ద తీగలు తమ పొలాల మీదుగానే పోతున్నా, పల్లెల్లో పిల్లలకు వేళకు కోత ఉండేది. ఎనిమిదో ప్రపంచం దాకా వెళ్ళిన మారియో అక్కడ సాయంత్రం కోతకు మరణించేవాడు. ఒకే ఆట కరెంటు ఉన్నచోట ఒక పొడవు, లేనిచోట ఒక పొడవు. ఆటల చరిత్ర రాసే అమెరికా, జపాను గ్రంథకర్తలకు ఈ తేడా తట్టదు.

క్వార్టర్లకు మరొక షరతు కూడా ఉండేది. నాన్నకు రాత్రి షిఫ్టు ఉన్న వారమంతా పగలు ఆయన నిద్రపోయేవారు కనుక టీవీ గొంతు నొక్కి ఆడవలసిందే. కోజీ కోండో కూర్చిన మారియో సంగీతం ప్రపంచప్రసిద్ధమని అంటారు. నేను మాత్రం మారియోను చాలాకాలం మూగవాడిగానే ఎరుగుదును. గోదావరిఖనిలో గంటకు ఇన్ని రూపాయలని వసూలు చేసే వీడియో గేమ్ కొట్లలో సంగీతం వినిపించేది గానీ, అక్కడ వెనుక నిలబడ్డవాళ్ళ కేకలలో అది కలిసిపోయేది.

ఇంతకీ తీర్పులకు కొలమానం ఏమిటి? అప్పట్లో మాటల్లో పెట్టలేకపోయినా, రెండు ప్రశ్నలతోనే ఆటలను తూచేవాళ్ళమని ఇప్పుడు అనిపిస్తుంది. చచ్చినప్పుడు తప్పు నాదా, ఆటదా అన్నది మొదటిది. పక్కన కూర్చున్నవాడికి ఇందులో చోటుందా అన్నది రెండవది. ఒక పెట్టెకు నలుగురు పిల్లలున్న ఇంట్లో రెండో ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఈ రెంటిలోనూ నా మటుకు నాకు అగ్రస్థానం ట్యాంకుల ఆటది. నామ్కో సంస్థ 1985లో చేసిన 'బాటిల్ సిటీ'. ఇటుక గోడల మధ్య ఒక గద్ద బొమ్మ, దానిని కాపాడే రెండు ట్యాంకులు, దశకు ఇరవై శత్రు ట్యాంకులు. ఇద్దరూ ఒకేసారి ఆడవచ్చు. అసలు గొప్పతనం గుండులో ఉంది. శత్రువు గుండుకే కాదు, మన గుండుకు కూడా మన గద్ద కూలిపోతుంది. సహచరుడికి తగిలితే అతడు కాసేపు కదలలేక నిలబడిపోతాడు. తొందరపాటుకు ఇంత సూటిగా శిక్ష వేసే ఆట ఆ క్యాసెట్లలో మరొకటి లేదు. అన్నదమ్ముల తగవులు సగం దీనివల్లే పుట్టేవి, దీనితోనే తీరేవి. సొంతంగా గోడలు కట్టుకుని కొత్త దశ తయారుచేసుకునే సౌకర్యం కూడా ఉండేది, పెట్టె ఆపగానే ఆ కట్టడం మాయం. తెల్లకాగితం మీద గడులు గీసి దశలను దాచుకున్న మిత్రుడొకడు ఉండేవాడు. నేనెరిగిన మొదటి ఆటల రూపకర్త అతడే.

'సూపర్ మారియో బ్రదర్స్' (1985) సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, అభిమానులు ఎక్కువ. మొదటి ప్రశ్నకు దాని జవాబు నిర్దుష్టం. షిగెరు మియామోతో బృందం మొదటి దశను ఒక పాఠంలా కూర్చింది. ఎదురొచ్చే మొదటి ప్రాణిని తాకితే చస్తావు, దూకితే బతుకుతావు, పైనున్న ఇటుకను గుద్దితే ఏదో వస్తుంది. ఒక్క అక్షరం చదవకుండా ఇదంతా నేర్చుకుంటాము. ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంగ్లీషు చదువుకున్న పిల్లలతో సమానంగా ఆడే వీలు కల్పించింది ఆ మౌనపాఠమే. రెండవ ప్రశ్నకు మాత్రం మారియో జవాబు అంత ఉదారమైనది కాదు. రెండో ఆటగాడు లూయిజీ రావాలంటే మొదటివాడు చావాలి. నేర్పరి అన్నయ్య ఆడుతుంటే తమ్ముడు అరగంట చూస్తూ కూర్చోవలసిందే. ముప్పై రెండు దశల అద్భుతం, అయినా ఒంటరి అద్భుతం.

కోనామీ వారి 'కాంట్రా' దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1987లో నాణెం వేసి ఆడే యంత్రంగా పుట్టి, మరుసటి ఏడు ఇళ్ళకు వచ్చింది. ఇద్దరు సైనికులు పక్కపక్కన పరుగెత్తుతారు. మూడవ దశ జలపాతం. పైకి ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, వెనుకబడినవాడు తెర అడుగున పడి చస్తాడు. శత్రువు అక్కరలేదు, తోటివాడి తొందర చాలు. ముందున్నవాడు ఆగాలి, ఆగితే తుపాకీ గుండ్లకు తానే గురి. ఈ ఇరకాటం వల్లనే కాంట్రాను నేను హింసాత్మకమైన ఆటగా గాక సహవాసపు ఆటగా గుర్తుంచుకున్నాను. ముప్పై ప్రాణాలనిచ్చే మీటల వరుస ఒకటి పిల్లల నోట మంత్రంలా పాకింది. 'గ్రాడియస్' ఆటను 1986లో ఇంటి పెట్టెకు మారుస్తూ, ఆడి పరీక్షించడం తనకే కష్టమై, కజుహిసా హషిమోతో అనే ఉద్యోగి పెట్టుకున్న మీటల వరుస అది. దానిని ఎవరు ఎవరికి చెప్పారో తెలియకుండానే ఒసాకా నుంచి గోదావరిఖని దాకా మౌఖిక సాహిత్యంలా వచ్చింది.

'రోడ్ ఫైటర్'లో పెట్రోలు నిమిషనిమిషానికీ తరుగుతూ ఉంటుంది. చాలాసేపు దేనికీ గుద్దుకోకుండా నడిపితే తెర పక్కన ఒక మనిషి ఎగురుతూ పోతాడు. పిల్లలందరూ అతడిని సూపర్‌మ్యాన్ అనేవారు, నిజానికి ఆ కంపెనీ పెట్టుకున్న కోనామీ మ్యాన్. నిదానంగా నడిపినవాడికే దర్శనమిచ్చే దేవుడు! కారు పందెంలో ఇలాంటి బహుమతి పెట్టినవాడెవరో గానీ అతడికి నమస్కారం. 'డక్ హంట్' తుపాకీ మాత్రం నాకు ఆట కంటే ఆశ్చర్యం. మీట నొక్కగానే తెర క్షణంలో చిన్న భాగం పాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును చూస్తే తగిలినట్టు లెక్క. అంటే కాల్చేది తుపాకీ కాదు, టీవీ. గాజు గొట్టపు టీవీలతోపాటు ఆ తుపాకీ కూడా చచ్చిపోయింది. నేటి పలుచని టీవీలకు గురిపెడితే అది పనిచేయదు.

బొగ్గుప్రాంతపు పిల్లవాడిగా ఒక ఆట మీద నాకు ప్రత్యేకమైన అభిప్రాయం ఉంది. డగ్లస్ స్మిత్ 1983లో రాసిన 'లోడ్ రన్నర్'. ఇటుక నేలలో గుంత తవ్వాలి, వెంటాడేవాడు అందులో పడాలి, మనం బంగారం ఏరుకుని నిచ్చెన ఎక్కాలి. తవ్విన గుంత కాసేపటికి దానంతట అదే పూడుకుంటుంది, లోపల ఉన్నవాడు మనమైనా సరే. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి వచ్చే పిల్లలు ఇది చూసి నవ్వేవారు. భూగర్భ గనిలో బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో నింపడం ఎంత శ్రమో వాళ్ళ ఇళ్ళల్లో రోజూ వినే ముచ్చట. తవ్వడం ఆటలో ఉంది, పూడ్చే మనిషి మాత్రం లేడు. అయినా మనం తవ్విన గుంతే మనల్ని మింగవచ్చునన్న నియమం పెట్టినందుకు స్మిత్‌ను మెచ్చుకోక తప్పదు.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. బడిలో, ఆఫీసుల్లో, ఆపైన కొద్దిమంది ఇళ్ళల్లో. వాటితోపాటు జాన్ రొమీరో 'డేంజరస్ డేవ్', జోర్డన్ మెక్నర్ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఫ్లాపీల మీద చేతులు మారాయి. డేవ్ మారియోకు పేద బంధువు, అంతకుమించి చెప్పడానికి లేదు. 'ప్రిన్స్' వేరు. 1989 నాటి ఆట. మెక్నర్ తన తమ్ముడిని పరుగెత్తించి, దూకించి, చిత్రీకరించి, ఆ కదలికలను బొమ్మబొమ్మగా గీసుకున్నాడు. అందుకే ఆ రాకుమారుడు ఆగడానికి కూడా రెండడుగులు తీసుకుంటాడు. శరీరానికి బరువుందని తెలియజెప్పిన తొలి ఆట నాకు అదే. గంటలోపు రాకుమారిని చేరాలి. నడుమ అద్దంలోంచి మన నీడ బయటికి దూకుతుంది. చివర ఆ నీడతో కత్తి దూస్తే, అతడికి తగిలిన ప్రతి వేటూ మనకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురు నడవాలి, అప్పుడు ఇద్దరూ ఒకటవుతారు. 'తప్పు ఎవరిది' అన్న నా మొదటి ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు ఏ ఆటలోనూ చూడలేదు.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' (1997), దాని రెండో భాగం (1999) మా తరాన్ని రాత్రులు మేల్కొలిపాయి. చరిత్ర మీద ఆసక్తి పుట్టించిన ఘనత వాటికి ఇవ్వవలసిందే. అయితే గనుల నడుమ పెరిగినవాడికి అందులో ఒక దృశ్యం గుచ్చుకుంటుంది. బంగారపు గని తరిగిపోగానే పనివాళ్ళు చేతులు ముడుచుకుని నిలబడతారు. రెండో భాగంలోనైతే ఖాళీగా ఉన్న పనివాడిని వెతికిపెట్టడానికి ప్రత్యేకంగా ఒక బొత్తమే ఉంది. సింగరేణిలో 1990ల తొలినాళ్ళలో లక్షకు పైబడి ఉన్న కార్మికుల సంఖ్య నేడు 40 వేల చేరువకు దిగింది. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఖాళీ అయినవాళ్ళను మరో పనికి పంపే బొత్తం ఊళ్ళో ఎవరి చేతిలోనూ లేదు. ఆటను నేను నిందించడం లేదు. రాజు కళ్ళతో చూస్తే లోకం ఎలా ఉంటుందో అది నిజాయితీగానే చూపించింది.

2000ల నాటి నెట్ సెంటర్లు 'కౌంటర్ స్ట్రైక్'ను తెచ్చాయి. విద్యార్థి మిన్ లే, అతని మిత్రుడు జెస్ క్లిఫ్ 1999లో మరొకరి ఆటను మార్చి చేసినది. చచ్చినవాడు ఆ విడత ముగిసేదాకా కూర్చుని చూడాలి, అదే దాని ప్రాణం. నా రెండు ప్రశ్నలకూ సరిగ్గా నిలబడుతుంది. ఇక 2006 నాటి 'క్రికెట్ 07'. హక్కులు లేనందున అందులో మన జట్టు ఆటగాళ్ళ పేర్లు వంకరగా ఉండేవి. ఆ కంపెనీ తరువాత క్రికెట్టును వదిలేసింది, ఆటగాళ్ళు వదలలేదు. పేర్లు సరిదిద్దారు, కొత్త జట్లు చేర్చారు, ఐ.పి.ఎల్. పెట్టారు. ఆటగా అది సాధారణం, కవర్ డ్రైవ్ ఒక్కటి నేర్చుకుంటే శతకం ఖాయం. కానీ మనవాళ్ళు ఆడడంతో ఆగక ఆటను బాగుచేయడానికి చెయ్యి పెట్టిన ఘట్టంగా దానికి చరిత్రలో చోటుండాలి.

కర్త పేరు తెలియకపోవడంలోని నష్టం సంగతి చెబుతానన్నాను. ఆటను ఒక మనిషి కూర్చొని తయారు చేస్తాడన్న ఊహే మా ఊళ్ళో చాలామందికి కలగలేదు. వానలాగా అది ఎక్కడినుంచో వచ్చేది. సినిమా చూసి దర్శకుడవుదామనుకున్నవాళ్ళు ఉన్నారు, కాంట్రా ఆడి ఆటలు చేద్దామనుకున్నవాడు దాదాపు లేడు. 2009లో హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ, గిల్లీదండ, గాలిపటాలతో 'దేశీ అడ్డా'ను, అదే నగరంలోని అరోనా సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్'ను ప్లేస్టేషన్ 2 కోసం చేశాయి. ఆటలుగా రెండూ నన్ను మెప్పించలేదు. 'హనుమాన్'లో దెబ్బ తగిలిన అనుభూతి చేతికి అందదు, ఎక్కడ చచ్చామో అర్థం కాదు. అయినా కర్త మనవాడని తెలిసి ఆడిన మొదటి ఆటలు అవే. కఠినంగా తీర్పు చెప్పే హక్కు, అభిమానంతో చెప్పే బాధ్యత రెండూ ఒకేసారి వచ్చాయి. 2014లో మైక్రోసాఫ్ట్ సారథ్యం చేపట్టిన హైదరాబాదీ సత్య నాదెళ్ళ హయాములో ఆ సంస్థ అదే ఏడు 'మైన్‌క్రాఫ్ట్' కర్తలైన మొజాంగ్‌ను, 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనడం ఘనమైన వార్తలే. కానీ కొనడం వేరు, కూర్చడం వేరు.

చివరి ఘట్టం ఫోనుది. 1997లో నోకియా ఫోనులో టనేలీ అర్మాంటో పెట్టిన పాము ఎంత పొడవైతే అంత ప్రమాదం, తన తోకే తనకు శత్రువు. నిర్దుష్టమైన ఆట, ఏమీ అడగదు. 2018 నాటి పబ్జీ మొబైల్ వంద మందిని ఒక ద్వీపంలో దించింది. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది, 2021లో మరో పేరుతో తిరిగి వచ్చింది. ఆటగా పబ్జీ మంచిదే, నలుగురు మిత్రులకు చోటున్నది. దాని చుట్టూ పేర్చిన అంగడి మీదే నా ఫిర్యాదు.

ఇక్కడ మూడవ ప్రశ్న అవసరమవుతుంది. ఓడినప్పుడు ఆట నిన్నేమి అడుగుతుంది? పాతకాలపు నాణెం యంత్రాలు కూడా డబ్బు కోసమే మనల్ని తొందరగా చంపేవి, వాటిని పవిత్రం చేయనక్కరలేదు. కానీ అవి ఇంటికి వచ్చాక ఆ క్రూరత్వం నైపుణ్యాన్ని మాత్రమే అడిగింది. ఓడితే మళ్ళీ ఆడు, ఇంకొంచెం బాగా ఆడు. ఫోనులోని రమ్మీ మరొకటి అడుగుతుంది, ఓడితే మళ్ళీ డబ్బు కట్టు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఈ రెండు చట్టాలూ వచ్చేలోపు జీతపు రోజుకూ మరుసటి నెలకూ నడుమ ఎన్ని ఇళ్ళల్లో ఏమేమి జరిగాయో బొగ్గుప్రాంతంలో బతికినవారికి వేరే చెప్పనవసరం లేదు. ఆ ఆటకూ ట్యాంకుల ఆటకూ ఒకే పేరు పెట్టి 'గేమ్స్ వల్ల పిల్లలు పాడవుతున్నారు' అని ఒకే గాటన కట్టడం వల్ల నష్టపోయేది ఎవరు? హెచ్చరించవలసిన చోట హెచ్చరిక పలుచబడుతుంది, మెచ్చుకోవలసిన చోట మెప్పు దక్కదు.

అందుకే ఆడినవాళ్ళు రాయాలంటాను. పిల్లవాడు ఫోను పట్టుకున్నప్పుడు 'ఆపు' అనడం కంటే ముందు 'ఇందులో ఓడితే ఏమవుతుంది?' అని అడిగే తండ్రి కావాలంటే, ఆ తండ్రికి ఆటల మధ్య తారతమ్యం తెలిసి ఉండాలి. అది చట్టం నేర్పదు, ప్రకటన అసలే నేర్పదు. పసుపు క్యాసెట్ల తరం ఇప్పుడు ఆ తండ్రుల వయసులోనే ఉంది. మా జ్యోతినగర్ తీర్పులు ఇవి. కొత్తగూడెంలోనో, బెల్లంపల్లిలోనో, మరే ఊళ్ళోనో పెరిగినవారి తీర్పులు వేరుగా ఉండవచ్చు, ఉండాలి కూడా. మారియోకు అన్యాయం చేశానని అనుకునేవారు తమ వాదన తప్పక రాసుకోవాలి. జలపాతం దశలో తోటివాడి కోసం ఆగినవారు ఆ సంగతి కూడా రాసుకుంటే మరీ మంచిది.